ఆదివారాన్ని తిరిగి తెచ్చుకుందాం

(సంఘం వేసవి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టారు. "కరువు భత్యం బకాయిల మీద మాట్లాడేవాళ్ళు ఇప్పటికే నలుగురున్నారు. తమరు మటుకు ఆ జోలికి పోకుండా ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు. లెక్కల విభాగంలో 34 ఏళ్ళు గడిపినవాణ్ణి బకాయిల గురించి మాట్లాడొద్దంటే ఇక మిగిలేదేముంది? రెండు రోజులు ఆలోచించి, చివరికి ఆదివారాల గురించి మాట్లాడదామని నిర్ణయించుకున్నాను. మన హైదరాబాదు నగరంలో, ఈ వేసవి రోజుల్లో, శని ఆదివారాలు మనలాంటివాళ్ళు ఎలా గడపవచ్చు అన్నది నా విషయం. చిన్న విషయమే అనిపించవచ్చు. కాదని నాకు అనుభవం మీద తెలిసింది. ఆ అనుభవమే తమకు మనవి చేసుకుంటాను.

ఉద్యోగంలో ఉన్నప్పుడు మనకు ఆదివారమంటే ఎంత విలువ! రెండో శనివారం కూడా కలిసి వస్తే ఇక పండగే. పదవీ విరమణ రోజున పూలదండ వేసి, శాలువా కప్పి, "ఇక మీకు రోజూ ఆదివారమే" అన్నారు. అప్పుడు నవ్వాను. తరువాత తెలిసింది ఆ మాటలోని మెలిక. రోజూ ఆదివారమైనవాడికి అసలు ఆదివారమే ఉండదు. సోమవారానికీ గురువారానికీ తేడా లేనప్పుడు సెలవుకు అర్థమేముంది? పేపరుతో పాటు అనుబంధం వస్తే, ఓహో ఇవాళ ఆదివారం కాబోలు అనుకునే స్థితికి వచ్చాను.

అప్పటి ఆదివారాలు

నేను 1974లో ఉద్యోగంలో చేరాను. కాపురం నల్లకుంటలో. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళుగా ఉన్న రోజుల్లో, అంటే 1980ల్లో, వేసవి సెలవులొచ్చాయంటే ఆదివారం ఇంట్లో ఉండేవాళ్ళం కాదు. రెండంతస్తుల బస్సులో పై అంతస్తున ముందు సీటు కోసం పిల్లలు పోట్లాడుకునేవాళ్ళు. ఒక వారం పబ్లిక్ గార్డెన్సు. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి మా అమ్మాయి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఒక వారం జంతు ప్రదర్శనశాల. 1963లో ప్రజలకు తెరిచిన ఆ పార్కు 380 ఎకరాలు. అంతా నడిచే తిరిగేవాళ్ళం. ఒక వారం సాలార్‌జంగ్ మ్యూజియం. ఏ వారం ఎక్కడికి వెళ్ళినా నెలకొకసారి, జీతం వచ్చిన తరువాతి ఆదివారం, మొజంజాహీ మార్కెట్టులో ఐస్‌క్రీము.

ఈ ప్రయాణాలన్నీ నేనే చేయించేవాణ్ణని నా అభిప్రాయం. టిక్కెట్లు కొనేది నేను, బస్సు ఆపేది నేను, దారి అడిగేది నేను. మా ఆవిడ వెనకాల ఒక జనపనార సంచీ పట్టుకుని వచ్చేది. ఆ సంచీలో ఏముండేదో నేనెన్నడూ సరిగా చూడలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఆమె కాలం చేసింది. అబ్బాయి, కోడలు కొండాపూర్‌లో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. అమ్మాయి పరదేశంలో ఉంది. నేను నల్లకుంటలో పాత ఇంట్లోనే ఉండిపోయాను. వేసవి సెలవుల్లో మనుమణ్ణి కొన్నాళ్ళు నా దగ్గర వదులుతారు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు సెల్‌ఫోను చూస్తూ ఒక మంచం మీద, నేను టీవీ చూస్తూ ఇంకో మంచం మీద. మధ్యలో ఫ్యాను. అలా వారం గడిచాక వాడొక రోజు, కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగాడు: "తాతయ్యా, నీకు ఎక్కడికీ వెళ్ళడం రాదా?"

నగరంలో ఏభై ఏళ్ళు బతికినవాణ్ణి. ఎక్కడికీ వెళ్ళడం రాదా అని అడిగితే ఎలా ఉంటుంది? మరునాడు ఆదివారం. "పద, గోలకొండ చూపిస్తాను" అన్నాను.

నా తప్పు

మే నెల మూడో వారం. ఇద్దరం టిఫిన్లు చేసి, స్నానాలు చేసి, ఇంట్లోంచి బయలుదేరేసరికి పదిన్నర. కోట దగ్గరికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. ముఖద్వారం కింద చప్పట్లు కొట్టి, ఆ శబ్దం పైన బాలాహిస్సార్ దగ్గర వినబడుతుందని చెప్పాను. "పైకెక్కి విందాం" అన్నాడు వాడు. సరేనన్నాను. మూడు వందలకు పైగా మెట్లు. రామదాసును ఉంచిన చెర దాకా బాగానే ఉన్నాను. ఆ తరువాత కాళ్ళు తేలిపోయాయి. చెమట పట్టడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆలోచించే తెలివి కూడా నాకప్పుడు లేదు. రాతి మెట్టు మీద కూర్చున్నాను, ఒరిగిపోయాను.

తరువాత జరిగింది వాడు చెబితే తెలిసింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు నా తల ఒళ్ళో పెట్టుకుని "తాతయ్యా, తాతయ్యా" అని ఏడుస్తూ కూర్చున్నాడట. పాతబస్తీ నుంచి వచ్చిన ఒక కుటుంబంవారు చూసి, నన్ను నీడకు చేర్చి, తమ నీళ్ళతో నా తల, మెడ తడిపి, విసిరి, 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. వారి పేరు కూడా నేను అడగలేకపోయాను. ఈ వేదిక మీది నుంచి వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆసుపత్రిలో రెండు రోజులు. డాక్టరుగారు నా కేసు తేల్చేశారు. పొద్దున్నే రక్తపోటు మాత్ర వేసుకున్నాను. అది మూత్రం ఎక్కువ వచ్చే రకం మాత్ర. దానికి తోడు, దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేశాను. ఇక్కడున్న పెద్దలకు ఈ భయం ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఒంట్లో నీరు లేదు, ఉప్పు లేదు, నెత్తిన మే నెల ఎండ.

అబ్బాయి ఆసుపత్రికి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా, "నాన్నా, ఇక మీరు ఒక్కరూ బయటికి వెళ్ళొద్దు. వాణ్ణి తీసుకుని అసలే వెళ్ళొద్దు" అన్నాడు. మొదటి మాట నాకు నొప్పి కలిగించలేదు. రెండో మాట కలిగించింది. పిల్లవాణ్ణి నా చేతికి అప్పగించలేమని కన్న కొడుకే అన్నాడంటే, అంతకు మించిన శిక్ష ఉద్యోగంలో కూడా నేను ఎరగను. కానీ వాడు అన్నదాంట్లో తప్పేముంది?

ఇంటికి వచ్చాక మా ఆవిడ బీరువా సర్దుతుంటే ఆ జనపనార సంచీ దొరికింది. లోపల ఒక నీళ్ళ సీసా, చిన్న ఉప్పు డబ్బా, చక్కెర పొట్లం, తడిపి నెత్తిన వేసుకునే తుండుగుడ్డ, తలనొప్పి మాత్రలు, మా అందరి పేర్లు, ఇంటి చిరునామా రాసిన చీటీ. అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ మమ్మల్ని ఎన్నడూ ఏడు దాటాక బయలుదేరనిచ్చేది కాదు. పది కొట్టేసరికి ఏదో ఒక పైకప్పు కింద ఉండేవాళ్ళం. టిక్కెట్లు కొనడమే ప్రయాణమనుకున్నాను నేను. నీళ్ళు మోసింది ఆవిడ. బయటికి వెళ్ళడం నా తప్పు కాదు, వెళ్ళిన వేళ తప్పు, వెళ్ళిన తీరు తప్పు.

వేళలు తెలుసుకుంటే వేసవి మనదే

ఆ తరువాత ఒక ఏడాది పాటు ఈ విషయం మీదే కూర్చున్నాను. పాత అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కు పెట్టి పట్టికలు గీశాను. సారాంశం తమ ముందు ఉంచుతాను. వేసవి రోజును మూడు ముక్కలుగా చేసుకోవాలి.

మొదటి ముక్క, తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. ఇది ఆరుబయలు వేళ. పబ్లిక్ గార్డెన్సు, ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, బంజారాహిల్స్ వైపు వారికి కె.బి.ఆర్. పార్కు చుట్టూ ఉన్న నడక దారి, మా వైపు వారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ. నడక అంటే రోజూ చేసేదే కదా అంటారేమో. ఆదివారం నడక వేరు. ఆదివారం ఒక్కరూ నడవకూడదు, ఇంకొకరితో నడవాలి. చార్మినార్ చుట్టుపక్కల వీధులు చూడాలంటే కూడా ఇదే వేళ. 1591 నాటి ఆ కట్టడాన్ని పొద్దున్నే, దుకాణాలు తెరవక ముందు చూస్తే కొత్తగా కనబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక ఇరానీ చాయ్.

జంతు ప్రదర్శనశాలకు వెళ్ళదలచినవారు తెరవగానే లోపల ఉండాలి. పూర్తిగా నడవలేనివారికి బ్యాటరీతో నడిచే బండ్లున్నాయి. సోమవారం సెలవని మరువకండి.

పుస్తకప్రియులకు ఇంకొకటి. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. మనం విద్యార్థులుగా ఉన్నప్పుడు అమ్ముకున్న పుస్తకం మనకే మళ్ళీ దొరికినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎండ ముదరక ముందే వెళ్ళి, రెండు పుస్తకాలతో బయటపడాలి. మూడోది కొంటే ఇంట్లో ఎక్కడ పెడతారని అడుగుతారు.

రెండో ముక్క, పది నుంచి ఐదు వరకు. ఇది పైకప్పు వేళ. ఇంట్లో ఉండగలిగితే ఇంట్లోనే ఉండండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2015 వేసవి వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే రెండు వేల మందికి పైగా చనిపోయినట్టు అప్పట్లో లెక్కలు వచ్చాయి. అయితే ఎండెక్కక ముందే చేరి, ఎండ తగ్గాక బయటపడే చోట్లు కూడా మన నగరంలో ఉన్నాయి.

వాటిలో మొదటిది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోలేదు. సంపాదించినదంతా వస్తువుల మీదే పెట్టి 1949లో కన్నుమూశారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారు మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ముసుగు కప్పుకున్న రెబెకా పాలరాతి విగ్రహం, అద్దంలో ఇంకో మనిషిగా కనబడే కొయ్య విగ్రహం, గంటల గడియారం, ఇవన్నీ తమరు చూసినవే. కానీ తమ మనుమలు చూశారా? శుక్రవారం సెలవు, శని ఆదివారాలు తెరిచే ఉంటుంది.

రెండోది నౌబత్ పహాడ్ మీది బిర్లా నక్షత్రశాల. 1985లో మొదలైంది. తెలుగులోనూ ప్రదర్శనలున్నాయి. మిట్టమధ్యాహ్నం చల్లగా కూర్చుని నక్షత్రాలు చూడడం కంటే భాగ్యమేముంది? నిద్ర పట్టినా చీకట్లో ఎవరికీ తెలియదు.

మూడోది గ్రంథాలయాలు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి ఆసఫియా గ్రంథాలయంగా 1891లో పునాది పడింది. సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న పుట్టింది. తెలుగు చదువుకు చోటు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో పెద్దలు కూడబలుక్కుని పెట్టిన సంస్థ అది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఏ రోజు తెరుస్తారో ముందుగా ఫోను చేసి కనుక్కుని వెళ్ళడం మంచిది.

మూడో ముక్క, సాయంత్రం ఐదున్నర తరువాత. ఇది కబుర్ల వేళ, కళల వేళ. 1961లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరంలో ప్రారంభమైన రవీంద్రభారతి, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ, ఈ రెండు చోట్లా పాటో, నాటకమో, సన్మానమో జరగని వారం అరుదు. చాలావాటికి టిక్కెట్టు లేదు. పేపర్లో "నేటి కార్యక్రమాలు" చూసుకుని వెళ్ళడమే. మాదాపూర్ శిల్పారామంలో శని ఆదివారాల సాయంత్రాలు నృత్య ప్రదర్శనలు పెడుతుంటారు. దగ్గరలో హైటెక్ సిటీ మెట్రో స్టేషను ఉంది.

ఇక ట్యాంక్‌బండ్. 2021 ఆగస్టు నెలాఖరున అక్కడ ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి, రోడ్డంతా జనానికి వదలడం మొదలుపెట్టారు. మధ్యమధ్య ఆగుతూ వచ్చింది కనుక ఆ వారం ఉందో లేదో పేపరు చూసి బయలుదేరాలి. ఉన్నా లేకపోయినా కాలిబాట మనదే. అక్కడ వరుసగా నిలిచిన విగ్రహాలున్నాయి చూశారూ, ఒక్కొక్కటీ ఒక కథ. రుద్రమదేవి దగ్గర ఆగితే ఒక కథ, మొల్ల దగ్గర ఆగితే ఒక కథ, అన్నమయ్య, కాటన్ దొర, మఖ్దూం మొహియుద్దీన్. చెరువు మధ్యలో బుద్ధుడు. ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా నీళ్ళలో పడింది, ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో మళ్ళీ పైకి తీసి నిలబెట్టారు. రెండేళ్ళు నీళ్ళ అడుగున ఉన్న బుద్ధుడి కథ చెబితే ఏ పిల్లవాడైనా సెల్‌ఫోను జేబులో పెడతాడు. నేను పరీక్షించి చూశాను.

చివరగా మొజంజాహీ మార్కెట్టు. ఏడో నిజాం తన రెండో కుమారుడి పేర 1935లో కట్టించాడు. పాతబడిపోయిన ఆ కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. చేత్తో తిప్పి చేసే ఐస్‌క్రీము ఇప్పటికీ దొరుకుతుంది. మే నెలలో మామిడిపండుది అడగండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మనుమడి కప్పులోంచి ఒక చెంచా. రెండో చెంచాకు నేను బాధ్యుణ్ణి కాను.

సంచీలో ఏముండాలి

బయలుదేరే ముందు మా ఆవిడ సంచీని గుర్తుపెట్టుకోండి. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ లేక ఓ.ఆర్.ఎస్. పొట్లం. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, నీళ్ళకు కట్టడి ఉన్నవారు, మూత్రం వచ్చే మాత్రలు వాడేవారు ఎంత తాగాలో, ఉప్పు కలపవచ్చో లేదో డాక్టరును అడిగి తెలుసుకోండి. సొంత వైద్యం వద్దు. మరుగుదొడ్డి భయంతో నీళ్ళు మానకండి. మరుగుదొడ్డి ఉన్న చోటికే వెళ్ళండి. వదులుగా ఉండే నూలు బట్టలు, గొడుగు, తడి తుండుగుడ్డ. జేబులో ఒక చీటీ: పేరు, వాడే మందులు, ఇంట్లోవారి ఫోను నెంబరు. తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతూ చెమట పట్టకపోయినా వెంటనే నీడకు చేరి, ఒళ్ళు తడిపి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఖర్చు సంగతి. 2017 నవంబరులో మెట్రో వచ్చాక మనలాంటివారికి ప్రయాణం సుళువైంది. మెట్లు ఎక్కలేకపోతే లిఫ్టులున్నాయి. రద్దీ వేళ తప్పించి ఎక్కితే చల్లగా కూర్చుని పోవచ్చు. ఇక 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సాధారణ బస్సుల్లో రాష్ట్రంలోని స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మన సోదరీమణులు సున్నా టిక్కెట్టు తీసుకుని దర్జాగా కూర్చుంటుంటే, నేను పక్కన చిల్లర వెతుక్కుంటున్నాను. జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొనేవాడి పెత్తనం పోయింది!

ఫైలు కదిలింది

ఈ పట్టికలన్నీ సిద్ధమయ్యాక మరుసటి వేసవిలో అబ్బాయిని నోటితో అడగడానికి ధైర్యం చాలలేదు. మనకు చేతనైన విద్య ఒకటుంది కదా. తెల్ల కాగితం తీసి, మార్జిను మడిచి, నోటు పెట్టాను. "విషయం: వేసవి సెలవులలో ఆదివారాలు మనుమడిని బయటికి తీసుకువెళ్ళుట – అనుమతి కోరుట – గురించి. సూచిక: గత సంవత్సరం ఆసుపత్రిలో తమరు జారీచేసిన మౌఖిక ఉత్తర్వులు." కింద పేరాలకు అంకెలు వేసి, జరిగిన పొరపాటు ఒప్పుకుని, దిద్దుబాటు చర్యలు రాసి, వేళల పట్టిక జతచేసి, "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని సంతకం పెట్టి వాడి బల్ల మీద ఉంచి వచ్చాను.

వారం రోజులు ఫైలు కదలలేదు. అది కూడా మనకు కొత్త కాదు. ఎనిమిదో రోజున, శనివారం రాత్రి, వాడే నల్లకుంట వచ్చి కాగితం నా చేతిలో పెట్టాడు. ఎర్ర సిరాతో రాసి ఉంది: "ఆమోదించడమైనది. షరతు: దరఖాస్తుదారుతో పాటు మంజూరు అధికారి కూడా వస్తాడు."

మరునాడు ముగ్గురం తొమ్మిదిన్నరకల్లా బయలుదేరి, మ్యూజియం తెరిచే వేళకు అక్కడున్నాం. పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు కూర్చున్నాం. తమకు తెలుసు కదా, ఒక మూల కమ్మరివాడు క్షణానికొక దెబ్బ కొడుతూనే ఉంటాడు. గంట అయ్యేసరికి గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. మనుమడు నోరు తెరుచుకుని లెక్కపెడుతున్నాడు. మా అబ్బాయి వాడితో అన్నాడు: "నాకు కనబడడం లేదని ఏడిస్తే నాయనమ్మ నన్ను ఎత్తుకుని చూపించేది. తను మాత్రం ఎప్పుడూ వెనకే నిలబడేది." ఆ మాట నాకు తెలియదు. అన్ని ఆదివారాలు పక్కనే ఉన్నాను, ఆవిడ ఆ గడియారాన్ని ఒక్కసారైనా సరిగా చూసిందో లేదో నాకు తెలియదు.

కాసేపటికి అబ్బాయి సంచీలోంచి సీసా తీసి, మూత తీసి నా చేతికిచ్చాడు. "తాగండి నాన్నా, మరుగుదొడ్డి ఎటువైపుందో చూసి వచ్చాను" అన్నాడు. అది ఆ జనపనార సంచీయే. ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు.

ఒక ప్రతిపాదన

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు కొడుకున్నాడు, మనుమడున్నాడు. ఫైలు పెట్టుకోవడానికి ఒక అధికారి ఉన్నాడు. అందరికీ లేరు. మన సభ్యురాలు ఒక సోదరి, భర్త పోయాక అపార్టుమెంటులో ఒంటరిగా ఉంటున్నారు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం చందా విషయమై ఫోను చేశాను. "అన్నయ్యా, పొద్దుటి నుంచి నాతో మాట్లాడిన మొదటి మనిషి మీరే" అన్నారు. అప్పటికి సాయంత్రం ఆరు. రసీదు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు.

కనుక సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. దీనికి పైసా కేటాయింపు అక్కర్లేదు. ఈ ఆదివారం మొదలు మృగశిర కార్తె దాకా, అంటే జూన్ మొదటి వారం దాటేదాకా, ప్రతి ఆదివారం ఒక చోటు. మొదటి వారం పబ్లిక్ గార్డెన్సులో పొద్దుటి నడక. తరువాత వరుసగా సాలార్‌జంగ్, ఆబిడ్స్ పుస్తకాలు, నక్షత్రశాల, ట్యాంక్‌బండ్. ఆఖరి వారం మొజంజాహీ మార్కెట్టు. ఒక్కొక్క జట్టుకు పది మందికి మించకూడదు. ఇద్దరిద్దరు జతగా ఉండాలి, ఒకరి ఆరోగ్యం సంగతి ఒకరికి తెలిసి ఉండాలి. శనివారం సాయంత్రం ప్రతి జట్టు నుంచి ఒకరు మిగతావారికి ఫోను చేయాలి. రాలేనన్నవారికి మరీ ముఖ్యంగా చేయాలి, ఎందుకు రాలేరో కనుక్కోవాలి. కాలు కదపలేనివారి ఇంటికి ఆ ఆదివారం ఇద్దరు వెళ్ళి ఒక గంట కూర్చుని రావాలి. అది కూడా కార్యక్రమం కిందే లెక్క.

మృగశిర కార్తె రోజున చేపల మార్కెట్ల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో తమకు తెలుసు. తినేవారు తింటారు, తినని మనలాంటివాళ్ళం తొలకరి చినుకుల కోసం ఆకాశం చూస్తాం. ఆ రోజుకు మనమంతా ఈ హాల్లోనే మళ్ళీ కలుసుకుని, ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్ళారో చెప్పుకుందాం. వచ్చిన మనుమలూ మనుమరాళ్ళూ చెబితే ఇంకా బాగుంటుంది.

జట్టులో చేరదలచినవారి పేర్లు రాసుకోవడానికి తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాను. మొదటి పేరు నాది. రెండో పేరు ఆ సోదరిది, ఆమె అనుమతితోనే రాశాను. ఆమె ఇవాళ ఈ సభకు వచ్చారు. మూడో గీత ఖాళీగా ఉంది.

బయట మజ్జిగ ఏర్పాటు చేశారు. తాగకుండా ఎవరూ ఎండలోకి వెళ్ళొద్దని మనవి.